రిజిస్టరు గడుల్లో పట్టని సంగతులు

మొన్న ఒక చిన్న పట్టణంలోని శాఖా గ్రంథాలయం నుంచి ఫోనొచ్చింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి. "సార్, మీ కాలమ్ చదివి నేనూ రోజూ తలుపులు వేసే ముందు ఆనాటి సంగతులు నాలుగు ముక్కలు రాసుకుంటున్నానండీ. మా పై అధికారి చూసి, లైబ్రేరియన్ రాయాల్సింది రిజిస్టరు, కథలు కాదన్నారు" అంది. ఆ మాట విన్నప్పటి నుంచీ నా మనసు కుదుటపడలేదు.

రిజిస్టరు ఏం చెబుతుంది? ఎందరొచ్చారు, ఎన్ని పుస్తకాలు ఇంటికెళ్లాయి, అంతే. పేపరు మధ్య పేజీ ముందు ఎవరికి దక్కాలో రిటైర్డు మాస్టార్ల మధ్య నడిచే వాదన, గ్రూప్స్‌కి చదివే పిల్లలు అన్నం డబ్బాతో వచ్చి చీకటి పడేదాకా కదలకపోవడం, ఫ్యాను కింది కుర్చీకి ఉండే గిరాకీ ఏ గడిలో పడతాయి? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు గురించి నేను పదే పదే రాస్తుంటాను. వసూలైన ఆ డబ్బు సకాలంలో గ్రంథాలయానికి చేరాలంటే, అది ఏ కుర్చీగా, ఏ పత్రికగా మారుతోందో జనానికి చెప్పేవాళ్లుండాలి.

మన దగ్గర ఇది కొత్త పనీ కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. మరుసటేడే అయ్యంకి వెంకటరమణయ్యగారు 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక తెచ్చారు. మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం 1948లో గానీ రాలేదు. అంటే చట్టానికీ సెస్సుకీ మూడు దశాబ్దాల ముందే, గ్రంథాలయాలు నడిపేవాళ్లు తమ పని గురించి తామే రాసుకునే చోటు ఏర్పాటు చేసుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవెక్కినవాళ్లకు ప్రయాణంలోనే చదువు, దారిలోని ఊళ్లకు పుస్తకాలు. ఆ పడవ సంగతి ఇన్నేళ్ల తర్వాతా చెప్పుకుంటున్నామంటే, ఆ పనిలో ఉన్నవాళ్లు దాన్ని కాగితం మీద పెట్టబట్టే. అంకెలొక్కటే మిగిలి ఉంటే ఎవరికి పట్టేది?

అందుకే "రాయమ్మా, మానొద్దు" అన్నాను.

నిన్న ఆ అమ్మాయి తన నోటుబుక్కులో పేజీ ఒకటి ఫొటో తీసి పంపింది. చక్కటి తెలుగు. ఒకావిడ వారం వారం వచ్చి, ఒక పుస్తకం అక్కడే కూర్చుని చదివి, ఇంటికి తీసుకెళ్లకుండా మళ్లీ బీరువాలో పెట్టి వెళ్తుందట. అది ఏ పుస్తకమో ఆ పేజీలో ఉంది. నేనిక్కడ చెప్పను. ఆవిడ పేరు రాయలేదు గానీ గుర్తుపట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి. అంత చిన్న ఊళ్లో పేరుతో పనేముంది?

ఆ పేజీ చదివాక నా ఆలోచన మారింది. రోగి సంగతి డాక్టరు బయటపెట్టనట్టే, పాఠకుడి చదువు మనం బయటపెట్టకూడదు. ఇంటికి తీసుకెళ్లలేని పుస్తకాన్ని మన గదిలో చదువుకుంటున్న మనిషి, మనల్ని నోరు తెరిచి అడక్కుండానే నమ్మింది. ఆ లెక్కన ఇష్యూ రిజిస్టరూ అమాయకమైనదేం కాదు. ఎవరే పుస్తకం తీసుకున్నారో పేర్లతో సహా కౌంటరు మీద తెరిచి ఉంటుంది. సంతకం పెట్టే ప్రతివాడూ పై వరుసలు చదువుతాడు.

ఆ అమ్మాయికి ఇలా జవాబు రాశాను: సెస్సు బకాయి గురించి రాయమ్మా. చెదల గురించి, కారే కప్పు గురించి, నువ్వు చదివిన పుస్తకాల గురించి రాయి. నీ దగ్గర ఎవరేం చదివారో మాత్రం ఎక్కడా రాయకు. ఇష్యూ రిజిస్టరు సొరుగులో పెట్టి తాళం వేయి. అంత మంచి పేజీని వదులుకోవడానికి మనసొప్పదు, తెలుసు. కానీ ఆవిడ వచ్చే వారమూ నిర్భయంగా రావడం మనం రాసే ఏ వాక్యం కన్నా విలువైనది.