ఫైనల్ టైమ్‌టేబుల్ మూడు

సెప్టెంబరు 15 వస్తే మా చిక్కబళ్లాపురం జిల్లాకు పూనకం వస్తుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి మాదే కదా. ఇంటిపేరులోని ఊరు ఆంధ్రలో ఉంటే ఉండనీ, మనిషి మా మనిషి. ఈసారి ఇంజనీర్ల దినం సభ ఒకదానికి నన్నూ పిలిచారు. ఆహ్వానపత్రికలో ‘సరిగ్గా 10.30కి’ అని ఉంది. ముఖ్య అతిథి కారు దిగేసరికి పన్నెండు దాటింది. పటానికి వేసిన బంతిపూల దండ అప్పటికే వాడుమొహం పట్టింది. మైకు అందుకోగానే ఆయన ఎత్తుకున్న మొదటి మాట విశ్వేశ్వరయ్యగారి సమయపాలన. నేను చప్పట్లు కొట్టలేదు. పక్కనున్న పెద్దమనిషి నావైపు అదోలా చూశాడు.

గడియారాలు, నోటీసు బోర్డులు, తేదీ లేని కాయితాలు. వీటి మీద నా గోల ఈ పేజీ చదివేవాళ్లకు కొత్త కాదు. ‘ఈయనకు మళ్లీ మొదలైందిరా’ అనుకునేవాళ్లు అనుకోండి. ఈ వారం నాకు సాక్షి కూడా దొరికింది.

మా మేనకోడలిది బాగేపల్లి. బెంగళూరు పొలిమేరల్లో ఒక కాలేజీలో సివిల్ చదువుతోంది, మూడో సెమిస్టరు. శనివారం సాయంత్రం చింతామణిలో మా ఇంటికి వచ్చింది. సంగటి ముద్ద ముందు పెట్టుకుని ఎడమచేత్తో ఫోను నా ముందుకు తోసింది. వాట్సాప్ గ్రూపులో వరసగా నాలుగు బొమ్మలు. సోమవారం ‘టైమ్‌టేబుల్’. మంగళవారం ‘రివైజ్డ్’. గురువారం ‘ఫైనల్’. శుక్రవారం రాత్రి పదకొండింటికి ‘ఫైనల్ 3’.

“ఫైనల్ రెండు ఏమైందే?” అన్నాను.

“అది ఎవురికీ రాలే మామా. అయినా దాని ప్రకారమే అటెండెన్స్ వేసినారు.”

బొమ్మను పెద్దది చేసి చూశాను. బుధవారం రెండింటికి బి-2 బ్యాచికి సర్వే ప్రాక్టికలు. అదే గంటకు అదే బ్యాచికి మెటీరియల్ టెస్టింగ్ ల్యాబు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పాఠం ఇంకా మొదలే కాలేదు. ఇప్పటికి ఇద్దరు సార్లు మారారు, మూడో ఆయన రావాలి. అయితే ఉక్కు కడ్డీని యంత్రానికి బిగించి లాగి తెంపే ప్రయోగం మాత్రం రెండో వారంలోనే అయిపోయింది. కడ్డీ ఒకచోట మెడలా సన్నబడి, టప్పున తెగిందట. అక్కడే ఎందుకు సన్నబడిందో చెప్పినవాళ్లు లేరు. రికార్డులోకి మాత్రం పోయినేటి సీనియర్ల అంకెలు చక్కగా ఎక్కాయి. సర్వే రోజు థియోడలైటు దొరికింది గానీ, దాని కాళ్లు పెట్టిన గది తాళంచెవి సెలవులో ఉన్న మనిషి జేబులో ఉంది. పిల్లలంతా కానుగచెట్టు కింద గంటన్నర కూచుని వచ్చారు.

నిజమే, టైమ్‌టేబుల్ వేయడం నోటితో చెప్పినంత సులువు కాదు. డిప్లొమా పిల్లలు డీసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరతారు. వాళ్ల సీట్లు తేలేసరికి ఇక్కడ క్లాసులు మొదలైపోతాయి. వాళ్లు రాగానే బ్యాచీలు మళ్లీ విడగొట్టాలి, వాళ్లకు విడిగా లెక్కల క్లాసొకటి ఇరికించాలి. స్కీము మారిన ఏడు పాత స్కీములో తప్పినవాళ్లకు వేరే దారి చూడాలి. పాఠం చెప్పేవాళ్లలో ఒకరిద్దరు నాలుగు రూపాయలెక్కువ ఇచ్చే చోటికి మధ్యలోనే వెళ్లిపోతారు. ఇదంతా ఒక్క కాయితం మీద ఇమడ్చడం ఇంజనీరింగు పనే, ఒప్పుకుంటాను. కానీ డీసెట్ పిల్లలు ఉగాదిలాగా ప్రతి ఏడూ వస్తారు. పండగ రోజు పొద్దున లేచి ‘అయ్యో, ఇవాళ ఉగాదా!’ అనేవాళ్లుంటారా?

ఇక్కడితో ఆపి ఉంటే ఈ వారం నా పని సుఖంగా అయిపోయేది. చెయ్యి కడుక్కున్నాక నోరు ఊరుకోలేదు. ‘మా కాలంలో’ అని మొదలుపెట్టాను.

ముప్పై ఐదేళ్ల కిందట, వేరే జిల్లాలో నా చదువు. మొదటి ఏడాది వర్క్‌షాపు. అరవైమందికి పన్నెండు వైసులు. అందులో పట్టు ఉన్నవి నాలుగు. కొత్త లేతు మెషీను గోనెపట్టా కప్పుకుని మూలన కూచుంది. నేను చదువు ముగించి బయటికొచ్చే రోజుకూ దానికి కరెంటు రాలేదు. పాఠం చెప్పాల్సిన సారును ఏడాదిలో నాలుగుసార్లు చూశానేమో. ఉన్నదల్లా ఒక ఇన్‌స్ట్రక్టరు. మేం మేస్త్రి అనేవాళ్లం. ఖాకీ చొక్కా, చెవిలో పెన్సిలు.

ఆయన చేతికిచ్చింది అరచేతిలో పట్టే రెండు ఇనుపరేకులు, ఒక ఆకురాయి. ఒక రేకులో ‘వి’ ఆకారంలో గాడి తియ్యాలి, రెండోదానికి అదే కొలతలో ముక్కు తియ్యాలి. రెండూ ఒకదానిలో ఒకటి కూచోవాలి. రంపంతో కోసేది కొంచెమే, మిగతాదంతా ఆకురాయి పనే. నాకు దాంతో రుద్దడమే తెలుసు. ముందుకు నెట్టేటప్పుడే బరువు మోపాలని, వెనక్కి తీసేటప్పుడు వదలాలని తెలీదు. రెండు చేతులూ ఒకే బరువు మోపకపోతే అంచు చదునుగా రాదు, చేప వీపులా ఉబ్బుతుంది. మూలమట్టం ఆనించి చూస్తే తప్పు దాగదు. రేకులు రెండూ జోడించాక మేస్త్రి వాటిని కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టేవాడు. సందులోంచి వెలుతురు వస్తే అంతే సంగతులు.

అరచేతుల బొబ్బలు, నాలుగు వైసుల కోసం పొద్దునే లైను, అన్నీ చెప్పుకొచ్చాను. ఆఖరికి మా ప్రాంతం పెద్దలకు అలవాటైన చోటికే వచ్చాను. “కైవారం తాతయ్య కథ తెలుసు కదమ్మా” అన్నాను.

మా చింతామణి పక్కనే కైవారం. గాజులమ్ముకునే నారాయణప్ప, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన యోగి నారేయణ యతీంద్రులైన కథ ఇక్కడ పాలు తాగే పిల్లలకూ తెలుసు. గురువు పరదేశిస్వామి ఒక గులకరాయి నోట్లో పెట్టి, ఇది కలకండ అయ్యేదాకా అష్టాక్షరి జపించమన్నాడు. ఆయన గుహలో కూచుని జపించాడు. రాయి కరిగింది.

“మాకు ఆకురాయి ఇచ్చినారు, మీకు టైమ్‌టేబుల్ ఇచ్చినారు. నోట్లో పెట్టుకోవాలంతే” అన్నాను. నా మాట నాకే ముచ్చటేసింది.

ఆ పిల్ల ఫోనులోని బొమ్మను అడుగుదాకా జరిపింది. కింద ఖాళీ. పేరు లేదు, సంతకం లేదు, తేదీ లేదు.

“తాతయ్యకు రాయి ఇచ్చిందెవురో తెలుసు కదా మామా. మాకు ఇచ్చిందెవురు?”

తేదీ లేని కాయితాల మీద ఇన్నేళ్లు గోల చేసినవాణ్ణి, ఆ ఖాళీని నేనెందుకు చూడలేదు? బొబ్బలు లెక్కపెట్టుకునే సంబరంలో ఉన్నాను కాబట్టి. ఆ వర్క్‌షాపు నుంచి బయటపడిన వాళ్లలో నేనొకణ్ణి. రెండో ఏడాదికే పెట్టె సర్దుకుని పోయిన నా గదివాడు ఈ కథ ఎవరికీ ఇంత కులాసాగా చెప్పడు. విశ్వేశ్వరయ్యను తలుచుకుంటే ఇంకా సిగ్గేసింది. బెంగళూరులో బీఏ అయ్యాక ఆయన ఇంజనీరింగు కోసం పుణె దాకా పోయి, 1883లో మొదటివాడిగా నెగ్గాడు. మైసూరు దివానయ్యాక ‘నేను అంత దూరం పోలేదా, మీరూ పోండి’ అనలేదు. 1917లో బెంగళూరులోనే ఇంజనీరింగు కాలేజీ మొదలయ్యేలా చూశాడు. మనలాంటివాళ్లం మన కష్టాన్ని పిల్లలకు ఆస్తిగా రాసిస్తాం.

ఆ రేకుల జత ఇంకా నా బల్ల మీదే ఉంది, కాయితాలు ఎగరకుండా. దాన్ని చూసినప్పుడల్లా, ఆ గందరగోళమే నన్ను మనిషిని చేసిందనుకునేవాణ్ణి. నిన్న రాత్రి తీసి చేతిలో పట్టుకున్నాక ఒకటి గుర్తొచ్చింది. మొదటిసారి మేస్త్రి దాన్ని కిటికీకి ఎత్తి, వెలుతురు కారుతోందన్నాడు. చెవిలో పెన్సిలు తీసి, తన నోటుబుక్కులో నా నంబరు ఎదురుగా ‘మళ్లీ’ అని రాశాడు. పక్కన వచ్చే మంగళవారం తేదీ వేశాడు. కింద సంతకం పెట్టాడు.

ఆ మంగళవారం కూడా సారు రాలేదు, లేతుకు కరెంటూ రాలేదు. తొమ్మిది గంటలకు మేస్త్రి వచ్చాడు.