ఏడో మనిషికి చోటిచ్చిన రైలు

బంట్వారం దిక్కు నుంచి పట్నం పోయేవాళ్లు వికారాబాద్‌లోనో తాండూరులోనో రైలెక్కుతారు. లింగంపల్లిలో దిగి హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ పట్టుకుంటే బెంచీ దగ్గర మొదట వినబడే మాట, ‘జర జరుగన్నా’. ఈ ఇబ్బందిని పెట్టె నమూనా గీసేటప్పుడే తలచుకున్నవాళ్లున్నారు. వాళ్ల పనితనం చూడాలంటే జపాన్ జాతీయ రైల్వే తయారుచేసిన 201 శ్రేణి కరెంటు రైలును చూడాలి.

ఇరవై మీటర్ల పెట్టె. ఒక్కో పక్క నాలుగేసి జంట తలుపులు. తలుపుకూ తలుపుకూ మధ్య గోడవారగా ఏడుగురు పట్టే పొడవాటి సీటు. ఏడుగురి సీటును ఆరుగురే ఆక్రమించడం ఎక్కడైనా ఉన్నదే. దానికి వాళ్లు చేసిన ఉపాయం చూడండి: సరిగ్గా నడుమ ఒక్కరి చోటుకు మాత్రం వేరే రంగు గుడ్డ వేశారు. ఆ రంగు మీద ఒకరు కూర్చున్నారంటే అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఎవరినీ జరగమని అడిగే పని లేదు. మనిషి స్వభావం తెలిసినవాడికే ఇలాంటి ఆలోచన వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

చోటులో చూపిన ఆ పొదుపే పెట్టె కిందా ఉంది. అంతకు ముందున్న 103 శ్రేణి కదిలేటప్పుడు మోటారుకు వెళ్లే కరెంటును నిరోధకాలతో అదుపు చేసేవారు. కుళాయి పూర్తిగా తిప్పి, అక్కర్లేని నీళ్లను కాలవలోకి వదిలినట్టు కొంత కరెంటు వేడిగా వృథా అయ్యేది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఆ వృథా బరువైంది. 201లో థైరిస్టర్ చాపర్ పెట్టారు. అది కరెంటును సెకనుకు వందలసార్లు తెంచి కలుపుతూ మోటారుకు కావలసినంతే అందిస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఆ మోటార్లే జనరేటర్లయి పై తీగలోకి కరెంటు తిరిగి పంపుతాయి, దగ్గర్లో బయల్దేరే మరో రైలు దాన్ని వాడుకుంటుంది. టోక్యో చువో లైన్‌లో ఈ రైలు నుదుట ‘ఇంధన పొదుపు రైలు’ అన్న పలక కట్టుకుని తిరిగింది.

నమూనా రైలు 1979లో వచ్చింది. 1981 నుంచి 1985 దాకా వరసగా తయారై, మొత్తం 1,018 పెట్టెలయ్యాయి. చాపర్ ఖరీదు ఎక్కువని తర్వాతి 205 శ్రేణికి చవకైన పద్ధతి ఎంచుకున్నారు. ఆ లెక్క సరైనదే. అయినా దారి వేసిన గౌరవం 201దే. నారింజ రంగు ఒంటితో, నల్లటి ముఖంతో చువో లైన్‌లో 2010 అక్టోబర్ దాకా పరుగెత్తింది. ఒసాకా వలయ మార్గంలో 2019 దాకా నడిచింది.

వరస తయారీలోని మొదటి పెట్టెను టోక్యోలో భద్రంగా దాచుకున్నారు. మన ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. ఆనాటి పెట్టెల్లో ఒక్కటైనా తుక్కు పాలు కాకుండా కాచిగూడ స్టేషన్ ఆవరణలో నిలపాలని రైల్వే అధికారులకు నా విన్నపం.