చిరునామాను ఎవరు నిర్ణయించాలి? చిన్న మైక్రోకంట్రోలర్ల అసెంబ్లీ బోధనపై ఒక పరిశీలన

అసెంబ్లీ ప్రోగ్రాములోని ఆదేశాలు, చరరాశులు మెమరీలో ఎక్కడ ఉండాలో రచయితే నిర్ణయిస్తే అది అబ్సల్యూట్ పద్ధతి. ఆ నిర్ణయాన్ని లింకర్‌కు వదిలితే అది రీలొకేటబుల్ పద్ధతి. ప్రయోగశాల మాన్యువళ్లు అధికంగా మొదటిదాన్నే అనుసరిస్తాయి. ‘చిప్ చిన్నది కనుక లింకర్ అనవసరం’ అన్నది ఇందుకు చెప్పే కారణం. పిక్ కుటుంబాన్ని, దాని ఎంపాస్మ్ అసెంబ్లర్‌ను ఆధారంగా తీసుకుని ఈ కారణం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

16ఎఫ్84ఏ చిప్ విషయంలో అది నిలుస్తుంది. దానిలో 1024 పదాల ప్రోగ్రామ్ మెమరీ, 68 బైట్ల ర్యామ్ మాత్రమే ఉన్నాయి. ఒకే ఫైలు, ఒక ‘ఆర్గ్’, కొన్ని ‘ఈక్వు’లతో పని పూర్తవుతుంది. లిస్టింగ్‌లో కనిపించే చిరునామాయే చిప్‌లోని చిరునామా కనుక విద్యార్థికి యంత్రం కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది. ఈ బోధనా ప్రయోజనాన్ని తక్కువ చేయలేము.

చిక్కు 16ఎఫ్877ఏ దగ్గర మొదలవుతుంది. ఇక్కడ 8192 పదాలు నాలుగు పేజీలుగా, 368 బైట్లు నాలుగు బ్యాంకులుగా విడివడి ఉంటాయి. ‘కాల్’, ‘గోటూ’ ఆదేశాలలో చిరునామాకు 11 బిట్లే చోటుంది. అంటే అవి 2048 పదాల పేజీని మాత్రమే చూడగలవు. పై బిట్లను పీసీల్యాత్ రిజిస్టరులో ముందే ఉంచాలి. అబ్సల్యూట్ ఫైలు నడుమ నాలుగు ఆదేశాలు చేర్చితే, దిగువనున్న సబ్‌రొటీన్ పేజీ గీత దాటిపోవచ్చు. అసెంబ్లర్ సందేశం ఇస్తుంది, నిజమే. కానీ బ్యాంకు బిట్లు సరిగా ఉన్నా లేకున్నా వచ్చే 302వ నంబరు సందేశంతో విసిగి, సందేశాలను పట్టించుకోవడం మానేసిన విద్యార్థి దీన్ని మాత్రం చదువుతాడా?

ఇంతకన్నా తీవ్రమైనది డేటా విషయం. రెండు ‘ఆర్గ్’ల కింది కోడ్ ఒకదానిపై ఒకటి పడితే ఎంపాస్మ్ దోషమని ప్రకటిస్తుంది. ఇద్దరు విద్యార్థులు చెరొక భాగం రాసి, ఒకే ర్యామ్ చిరునామాకు రెండు పేర్లు పెడితే మాత్రం ఏమీ అనదు. ‘ఈక్వు’ దృష్టిలో అవి కేవలం సంఖ్యలు. ‘యూడేటా’ విభాగంలో ‘రెస్’తో చోటు అడిగితే ఆ పంపకం లింకర్ చూసుకుంటుంది. కనుక ఎంపికకు కొలమానం చిప్ పరిమాణం ఒక్కటే కాదు. ఎన్ని ఫైళ్లు, ఎందరు రచయితలు అన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

రీలొకేటబుల్ పక్షపాతులు చెప్పని మూల్యమూ ఉంది. చరరాశి ఏ బ్యాంకులో పడుతుందో రాసేవారికి తెలియదు కనుక జాగ్రత్తగా ‘బ్యాంక్‌సెల్’ వాడుతూ పోవాలి. నాలుగు బ్యాంకుల చిప్‌లో ప్రతిసారీ రెండు ఆదేశాల ఖర్చు. పీసీఎల్‌కు విలువ కూడి దూకే పట్టిక 256 పదాల హద్దు దాటుతుందా అన్న పరీక్షను అబ్సల్యూట్ ఫైలులో అసెంబ్లీ సమయంలోనే రాయవచ్చు. రీలొకేటబుల్‌లో చిరునామా అప్పటికి తేలదు. పీసీల్యాత్‌ను లెక్కకట్టి నింపాలి, లేదా పట్టిక విభాగాన్ని స్థిర చిరునామాలో కట్టివేయాలి.

ఈ రెండవ మార్గమే అసలు సంగతిని బయటపెడుతుంది. లింకర్‌తో కట్టిన ప్రోగ్రాములోనూ రీసెట్ వెక్టర్ 0 వద్ద, ఇంటరప్ట్ వెక్టర్ 4 వద్ద స్థిరంగానే ఉంటాయి. పరస్పర విరుద్ధాలుగా బోధిస్తున్న రెండు పద్ధతులూ ఒకే ప్రాజెక్టులో పక్కపక్కనే నడుస్తున్నాయన్నమాట.

2020లో మైక్రోచిప్ సంస్థ ఎంప్లాబ్ ఎక్స్ 5.40 నుంచి ఎంపాస్మ్‌ను తొలగించింది. దాని స్థానంలోని పిక్-ఏఎస్ అసెంబ్లర్‌కు విభాగాలే పునాది. స్థిర చిరునామా కావాలంటే విడిగా కోరాలి. పాత కోడ్ ఏ పద్ధతిలో ఉన్నా డైరెక్టివ్‌లు మార్చక తప్పదు. అయితే విభాగాలుగా ఆలోచించడం నేర్చినవారు మార్చవలసింది పేర్లను; ‘ఆర్గ్’ తప్ప మరొకటి ఎరుగనివారు మార్చవలసింది ప్రోగ్రాము నిర్మాణాన్నే. కనుక 16ఎఫ్84ఏపై తొలి రెండు మూడు ప్రయోగాలు అబ్సల్యూట్‌లో చేయించి, ఆపై అదే ప్రోగ్రామును రెండు ఫైళ్లుగా విడదీయించి, లింకర్ ఇచ్చే మ్యాప్ ఫైలును పాత లిస్టింగ్‌తో పోల్చి చూపించడం మాన్యువళ్లలో చేర్చదగిన మార్పు.