అడుగు లేని చీకట్లో నిలకడ

గనిలోకి దిగే మనిషికీ సముద్రంలోకి దిగే మనిషికీ ఎదురయ్యే చీకటి ఒకటే కావచ్చు గాని, ఒంటి మీద పడే ఒత్తిడి ఒకటి కాదు. గనిలో కిలోమీటరు లోతుకు పోయినా నేల మీది వాయుపీడనానికి ఇంచుమించు ఎనిమిదో వంతు మాత్రమే అదనంగా చేరుతుంది. ఉప్పునీటిలో పది మీటర్లు, అంటే రాయలసీమ పల్లెల్లో పాత బావికి ఉండే ఆరు నిలువుల లోతు, దిగేసరికే ఒత్తిడి రెట్టింపవుతుంది, ఇరవై మీటర్ల వద్ద మూడింతలవుతుంది. 2001లో మూతపడిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఒకప్పుడు బంగారం తవ్వించిన, రాయలసీమలోని రామగిరికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా రాత్రివేళ నడిసముద్రంలో స్కూబా డైవింగ్ చేసే విద్యను గనుల వైపు నుంచి పరిచయం చేయడమే సబబు, ఎందుకంటే డైవరు ప్రాణం కాపాడే లెక్క కట్టినవారు గనుల గాలిని శోధించిన శాస్త్రవేత్తే.

బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1890ల్లో బొగ్గు గని పేలుళ్ళను పరిశీలించి, మృతుల్లో ఎక్కువమందిని బలిగొన్నది మంట కాదనీ, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువనీ తేల్చారు. దాన్ని ముందుగా పసిగట్టడానికి చిన్న పక్షులను గనిలోకి తీసుకుపోవాలన్న సలహా కూడా ఆయనదే. తరువాత బ్రిటిష్ నౌకాదళం కోసం మేకలను పీడన గదిలో ఉంచి ప్రయోగాలు చేసి, సహపరిశోధకులైన బాయ్‌కాట్, డేమంట్‌లతో కలిసి 1908లో, డైవరు ఏ లోతు నుంచి ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో చెప్పే పట్టికలను ప్రచురించారు. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోనూ కొవ్వులోనూ కరిగి ఉంటుంది. మనిషి తొందరపడి పైకి వస్తే అది బుడగలుగా విడిపోయి కీళ్ళను, నరాలను దెబ్బతీస్తుంది. దీన్నే డీకంప్రెషన్ జబ్బు అంటారు. నేటి వినోద డైవింగులో నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రావడం, ఐదు మీటర్ల వద్ద మూడు నిమిషాలు ఆగడం అన్న అలవాట్లు ఆ పరిశోధన వరుసలోనివే.

ఇక రాత్రి నడిసముద్రపు డైవింగు విషయానికి వస్తే, బ్లాక్‌వాటర్ డైవింగ్ అని పిలిచే ఈ పద్ధతి హవాయి దీవుల్లోని కోనా తీరాన రూపు దిద్దుకుంది. అక్కడ ఒడ్డుకు కొద్ది దూరంలోనే సముద్రం వేల అడుగుల లోతుకు పడిపోతుంది. పడవ ఇంజను ఆపి దాన్ని ప్రవాహానికి వదిలేస్తారు. పడవ నుంచి బరువు కట్టిన తాళ్ళు వేలాడదీస్తారు. ఒక్కొక్క డైవరును ఒక్కొక్క తాడుకు చిన్న పట్టీతో కలుపుతారు. డైవరు ఉండేది పదిహేను మీటర్ల దగ్గరే. కిందనున్న అగాధంలోకి దిగాలన్న ఆలోచనే ఈ విద్యలో లేదు; లోతులోని ప్రాణులే రాత్రిళ్ళు పైకి వస్తాయి. 1942లో అమెరికా నౌకాదళం కోసం ధ్వని తరంగాలతో పరిశోధిస్తున్నవారికి కాలిఫోర్నియా దగ్గర సముద్రం నడుమ అడుగును పోలిన ఒక పొర తగిలింది. పగలు లోతున ఉండి చీకటి పడగానే పైకి లేచే ఆ పొర ప్రాణుల గుంపేనని 1945లో సముద్ర జీవశాస్త్రవేత్త మార్టిన్ జాన్సన్ చూపించారు. పగటి వెలుతురులో వేటాడే చేపల కంటపడకుండా కింద దాక్కుని, రాత్రి పైపొరలోని మేతకు రావడం వాటి జీవన విధానం. రోజూ జరిగే ఈ రాకపోకలను మించిన ప్రాణుల వలస భూమి మీద మరొకటి లేదు.

ఆ ప్రాణులు వచ్చేదాకా ఒకే లోతులో వేచి ఉండాలి కాబట్టి ఈ విద్యకు ప్రాణం నిలకడ. పగటి డైవింగులో పగడపు దిబ్బో, ఇసుక నేలో, పైనుంచి దిగే వెలుతురో దిక్కు చెబుతుంది. ఇక్కడ పైకీ కిందకీ తేడా చూపే గుర్తు లేనందువల్ల తల తిరిగి, తాను కదులుతున్నదీ లేనిదీ మనిషికి తెలియకుండా పోతుంది. లోతు మీటరులోని అంకె, లైటు కట్టిన తాడు, తన నోటి నుంచి పైకి పోయే బుడగలు, ఈ మూడింటినే నమ్మాలి. మునగకుండా, తేలకుండా ఒకే లోతులో ఉండడాన్ని తటస్థ తేలుడు అంటారు. గాలి నింపే జాకెట్టు దీనికి ఆధారమే గాని, సన్నని సర్దుబాటు మొత్తం ఊపిరితిత్తులదే: నిండుగా పీలిస్తే శరీరం కాస్త లేస్తుంది, వదిలితే కాస్త దిగుతుంది. అయితే ఊపిరి బిగబట్టి పైకి లేవడం ప్రాణాంతకం, ఎందుకంటే ఒత్తిడి తగ్గినకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. భయపడినవారి శ్వాస వేగం పెరుగుతుంది, దానితో సిలిండరులోని గాలీ త్వరగా ఖర్చవుతుంది. అందుచేత ఈ విద్యలో ధైర్యం కన్నా నిదానానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. సాహసమంటూ దీన్ని ప్రచారం చేయడం దీనికి అన్యాయం చేయడమే.

నిలకడ కుదిరినవారికి కనిపించే లోకం అపురూపమైనది. ఆకులా పలచగా, అద్దంలా పారదర్శకంగా ఉండే ఈల్ చేప పిల్లలు, జెల్లీ చేపల మీద ఎక్కి ప్రయాణించే లాబ్‌స్టర్ పిల్లలు, పెద్దయ్యాక రెండు కళ్ళూ ఒకే పక్కకు చేరే బల్లపరుపు చేపల పసిరూపాలు లైట్ల వెలుగులోకి వస్తాయి. వలలో పడితే వాటి సన్నని తోకలు, తంతులు చిరిగిపోతాయి. ద్రావకంలో భద్రపరిస్తే రంగు పోతుంది. డైవర్లు తీసిన ఫొటోలను, చేతితో సేకరించిన నమూనాలను, వాటి డీఎన్ఏను కలిపి చూస్తే ఏ పసిరూపం ఏ చేపదో తేల్చవచ్చని 2021లో హవాయి, స్మిత్సోనియన్ పరిశోధకులు చూపించారు. వినోదంగా మొదలైనది శాస్త్రానికి పరికరమైంది.

బంగాళాఖాతంలో ఈ పనికి అదనపు కష్టం ఒకటుంది. గంగా బ్రహ్మపుత్రలు, గోదావరి కృష్ణలు పోసే నీటి వల్ల పైపొర తక్కువ ఉప్పుతో తేలికగా ఉండి, కిందనున్న ఉప్పు పొర మీద పరుచుకుంటుంది. ఒక పొర నుంచి మరొకదానిలోకి పోతే శరీరం తేలే తీరు మారిపోతుంది.  అయినా ఈ పనికి తోడ్పడగల సంస్థలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. అలల ఎత్తును, గాలిని, ప్రవాహాన్ని ముందుగా చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ 1999 నుంచీ హైదరాబాదులోనే ఉంది. జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలో ఉన్నాయి. చేపల పసిరూపాలను రాత్రి సముద్రంలో చేతితో సేకరించే పనికి ఇవి మూడూ కలిసి విద్యార్థులను సిద్ధం చేయాలి.

ధర్మవరం నుంచో, హిందూపురం నుంచో స్కూబా నేర్చుకోవాలని విశాఖకు, అండమానుకు వెళ్ళే యువతీయువకులు ముందు పగటిపూట ఐదు మీటర్ల నీటిలో చేతులు ఆడించకుండా కదలక నిలవడం నేర్చుకోవాలి. అది పూర్తిగా పట్టుబడేదాకా రాత్రి నడిసముద్రానికి తీసుకుపోతామని ఎవరు పిలిచినా ఒప్పుకోవద్దు.