వస్తువు ఒకటి, గొంతులు మూడు

కవిత్వంలో వస్తువే రూపాన్ని నిర్ణయిస్తుందని మనం తరచుగా అంటుంటాం. ఇందులో సత్యం ఉంది గాని, సంపూర్ణ సత్యం లేదని నా అభిప్రాయం. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమే ఇందుకు సాక్ష్యం. ఆ ఒక్క వస్తువూ పద్యంలోకి వచ్చింది, పాటలోకి వచ్చింది, వచన కవితలోకీ వచ్చింది. వస్తువే సర్వస్వమైతే ఈ మూడూ ఎందుకు పుట్టినట్టు?

దాశరథి ‘అగ్నిధార’ 1949లో వెలువడింది. వృత్తపద్యం ఫ్యూడల్ రూపమని కొట్టివేసేవారు ఇక్కడ కొంచెం ఆగాలి. నిజామాబాదు జైల్లో ఆయన గోడమీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి ప్రసిద్ధమే. కాగితం కరువైన చోట కవిత్వం జ్ఞాపకంలోనే బతకాలి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. రెండో అక్షరం ప్రాస, పదో అక్షరం యతిస్థానం. ఒక్క మాట జారినా చెవి పట్టేస్తుంది. ఛందస్సు అక్కడ సంకెల కాలేదు, కాపలా అయింది. అయితే ధిక్కారాన్ని అంత గంభీరంగా పలికే ఆ ధోరణిలో జీతగాడి చిన్న చిన్న కష్టాలు సులువుగా ఇమడవు.

అవి సుద్దాల హనుమంతు పాటలో ఇమిడాయి. పశులు కాసే పసివాణ్ణి పలకరించే ఆ పాటలో ఉపన్యాసం లేదు. చిరిగిన అంగీ ఉంది, తాటి జెగ్గల కాలిజోడు ఉంది. అక్షరం రాని శ్రోత కూడా దాన్ని వెంటనే తన గొంతులోకి తీసుకోగలడు. కాని పల్లవి మళ్లీ మళ్లీ వచ్చే పాటలో సందేహానికీ, సమీక్షకూ చోటు తక్కువ.

కుందుర్తి ‘తెలంగాణ’ వచ్చిన 1956 నాటికి పోరాటం ముగిసి అయిదేళ్లయింది. అప్పటికి కావలసింది పిలుపు మాత్రమే కాదు, పూర్వాపరాల కథనం. 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపించడానికి ముందే, వచన కవిత దీర్ఘకావ్య భారాన్ని మోయగలదని ఆయన చేసి చూపాడు. వార్తాకథనంలోకి జారే ప్రమాదమూ, నాలుకమీద నిలవని లోపమూ ఆ రూపానికి ఉన్నవే.

కాబట్టి రూపాన్ని నిర్ణయించేది వస్తువొక్కటే కాదు. ఆ కవిత ఎవరికి చేరాలి, వారు ఏ స్థితిలో ఉన్నారు అన్నది కూడా. పద్యాన్ని పుట్టుకను బట్టీ, వచన కవితను కొత్తదనాన్ని బట్టీ తూచి, పాటను అసలు త్రాసులోనే పెట్టకపోవడం విమర్శ కాదు. జైలుగోడకు ఒక కవిత్వం కావాలి, పశువుల మందకు ఒకటి కావాలి, చరిత్రకు మరొకటి కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని తోసివేసినా, ఆ పోరాటంలో కొందరు మనుషులను మన సాహిత్యం నుంచి తోసివేసినట్టే.