పగటికలలో మరుగునపడిన పాత్ర

గిజూభాయి బధేకా గుజరాతీలో రచించిన ‘దివాస్వప్న’ ‘పగటికల’ అన్న పేరుతో తెలుగు పాఠకులకు పరిచితమే. న్యాయవాద వృత్తిని విడిచి, భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో పసివారి చదువుకు తన జీవితాన్ని అంకితం చేసిన గిజూభాయి (1885–1939) ఈ గ్రంథాన్ని ఒక కల్పిత ఉపాధ్యాయుని స్వగతంగా నడిపాడు. విద్యార్థులలో సృజనశక్తిని పెంపొందించడమెట్లా అన్న చర్చ వచ్చిన ప్రతిసారీ ఈ పుస్తకాన్ని ఉదాహరించడం పరిపాటి. ఉదాహరించేవారు ఉపాధ్యాయుణ్ణే స్తుతిస్తారు. అతనికి నాల్గవ తరగతిని ఒక సంవత్సరంపాటు అప్పగించిన విద్యాధికారిని ఎవరూ తలచుకోరు. నేనూ ఆ కోవకు చెందిన ఉద్యోగినే కావడంవల్ల కాబోలు, ఈమధ్య పుస్తకాన్ని మళ్ళీ చదివినప్పుడు నా చూపు ఆయనమీదనే నిలిచింది.

ఆయన అనుమతి ఇస్తాడు, కాని పరీక్షలు తప్పవని హెచ్చరిస్తాడు. ఉపాధ్యాయుడు మొదటిరోజు మౌనంగా కూర్చునే ఆట ఆడించబోయి భంగపడతాడు. అటుతర్వాత కథ అందుకుంటాడు. కథ మొదలవగానే అల్లరి సద్దుమణుగుతుంది. పాఠ్యపుస్తకాలకు వెచ్చించవలసిన డబ్బుతో తరగతికొక గ్రంథాలయం ఏర్పడుతుంది. ఈ ఘట్టాలలో గిజూభాయి చూపిన సహజత్వం నేటికీ వాడలేదు. ఓటమిని దాచుకోని ఉపాధ్యాయుడు మన సాహిత్యంలో అరుదు. అయితే అధికారి పాత్రచిత్రణలో రచయిత కొంత ఉదారంగా వ్యవహరించాడనే నా అభిప్రాయం. ఒక్క మనిషి సద్బుద్ధిమీద ఆధారపడిన ప్రయోగం, ఆ మనిషికి బదిలీ అయితే ఏమవుతుంది? ఈ ప్రశ్న పుస్తకంలో తలెత్తదు. ఒక్క ఏడాదితో కల ముగియడం రచయితకు కలిసివచ్చింది.

ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో దొరుకుతుంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలకు ఒక వెసులుబాటు లభించింది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు అక్కడ పిల్లలచేత ప్రయోగాలు చేయించి, వారి పరిశీలనలనుంచే విజ్ఞానశాస్త్రాన్ని బోధించడానికి పూనుకున్నాయి. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ బాధ్యతను అందుకుంది. నా దృష్టిలో అన్నిటికంటె విశేషమైన అంశం పరీక్షావిధానం. పరీక్షకు పుస్తకం తీసుకువెళ్ళవచ్చు. ప్రయోగం చేసి చూపాలి. గిజూభాయి అధికారి పట్టువిడువని ఆ ఒక్క షరతునే ఇక్కడ మార్చగలిగారు. ముప్ఫై సంవత్సరాల అనంతరం, 2002లో, ప్రభుత్వ నిర్ణయంతో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఫైలుతో మొదలైనది ఫైలుతోనే ముగిసింది. ఆ నిర్ణయపు మంచిచెడ్డలను విచారించడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. పిల్లల ఊహకు తలుపు తెరిచేదీ మూసేదీ తరచు తరగతిగదికి బయట ఉన్న చేయి అని మాత్రమే నా మనవి.

భిలాయిలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఈ ఊరు సెక్టార్లుగా గీతగీసినట్లు వెలసింది. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధికోసం దేశం నలుమూలలనుంచి వచ్చినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. కొలతలో వెంట్రుకవాసి తేడాను సహించని పరిశ్రమ ఇది. ఉక్కుకు అది అవసరమే. ఆ అలవాటు బడిలోకి ప్రవేశించడంతోనే వచ్చింది చిక్కు. ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షల ర్యాంకులే ఇక్కడి ఇళ్ళలో పిల్లవాడి ప్రతిభకు తూనికరాళ్ళు. ర్యాంకు తప్పని నేననను. నా ఇంట్లోనూ ఆ తూనికరాళ్ళున్నాయి.

ఇదే భిలాయికి చేరువలోని గనియారీ గ్రామంలో 1956లో పుట్టిన తీజన్‌బాయి బడిచదువుకు నోచుకోలేదు. తాతగారు పాడే మహాభారతకథలను విని విని కంఠస్థం చేసుకుంది. పదమూడవ యేట తొలి ప్రదర్శన ఇచ్చింది. స్త్రీలు కూర్చునే పాడవలెనన్న ఆచారాన్ని కాదని, పురుషులకే పరిమితమైన కాపాలిక శైలిలో నిలబడి పాండవానీ పాడింది. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. బడి లేకపోవడమే మేలని దీనినిబట్టి తీర్మానించడం అవివేకం. తాతగారి పాటలో ఆమెకు దొరికినది, మన బడిలో పిల్లలకెందుకు దొరకడంలేదన్నదే విచార్యం.

కొన్నేళ్ళ క్రితం ఇక్కడే ఒక వ్యాసరచన పోటీకి నేను న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. విషయం ‘మన నగరం’. చాలా వ్యాసాలు ఒకే వాక్యంతో మొదలయ్యాయి. ఎవరో నేర్పిన వాక్యమది. ఒక తెలుగు బాలిక మాత్రం హిందీలో వేరే విధంగా వ్రాసింది. శ్రీకాకుళంనుంచి వచ్చిన తన తాతయ్య రాత్రిపూట కరిగిన చిట్టెం పారబోసినప్పుడు ఎర్రబడే ఆకాశాన్ని చూపి, “మన ఊళ్ళో ఇంత వెలుగు కోట మంటలప్పుడైనా లేదమ్మా” అనేవాడట. ఉద్యోగ విరమణ తర్వాత ఆయన ఆ వెలుగుకు వీపు పెట్టి కూర్చునేవాడట. కారణం ఆమె వ్రాయలేదు. నిర్ణీత అంశాలు లేవన్న కారణంతో మార్కులు పడలేదు. ఆ జాబితామీద నేనూ సంతకం చేశాను.

మనకు వేరొక సంప్రదాయమూ ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసునుంచి వెలువరించిన ‘బాల’ పత్రిక పిల్లలను పాఠకులుగానే కాక రచయితలుగానూ ఆదరించింది. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ అచ్చయింది అందులోనే. అప్పటికాయన ఇంకా బడిపిల్లవాడు. ఏకలవ్య వారు 1985నుంచి హిందీలో నడిపిన ‘చక్‌మక్’ కూడా బాలల రచనలకు చోటిచ్చింది. పిల్లవాడు వ్రాసినదాన్ని దిద్దకముందే చదివేవారు ఒకరుండాలన్న ఎరుక ఈ పత్రికలలో ఉంది. బహుమతులకంటె అచ్చుపేజీ మేలైన ప్రోత్సాహం. దానికయ్యే ఖర్చూ తక్కువే, ఈ మాట ఆర్థికశాఖవారి చెవిన వేయదగినది.

మరుసటి సంవత్సరం పోటీకి విషయం ఇవ్వకుండా తెల్లకాగితాలు మాత్రమే ఇద్దామని నేను ప్రతిపాదించాను. మూల్యాంకనం ఎట్లా అని ప్రశ్న వచ్చింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ప్రతిపాదన వెనక్కు వచ్చింది. ఆ బాలిక వ్యాసం నకలు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.