తోక మీద వాలని పురుగులు

1969 అక్టోబర్. ఆస్ట్రియాలోని జెల్ట్‌వెగ్ దగ్గర పోర్షే 917 కారును పరీక్షిస్తున్నారు. కారు పిట్‌లోకి రాగానే జాన్ వయర్ జట్టు ఇంజినీరు జాన్ హోర్స్‌మన్ దాని చుట్టూ తిరిగి చూశాడు. ముక్కు మీదా అద్దం మీదా చచ్చిన చిన్న పురుగులు దట్టంగా అంటుకుని ఉన్నాయి. తోక మాత్రం శుభ్రంగా ఉంది. రాత్రిళ్లు కారు నడిపే మనం అద్దానికి అంటిన పురుగుల్ని తిట్టుకుంటూ తుడిచేస్తాం. హోర్స్‌మన్ చూసింది లేని పురుగుల్ని. పురుగు తగలని చోట గాలీ తగలడం లేదు. గాలి నొక్కకపోతే వెనక చక్రాలకు పట్టు ఉండదు.

ఆ పట్టు లేకే ఆరు నెలలుగా డ్రైవర్లు ఈ కారంటే హడలిపోతున్నారు.

అసలీ కారు పుట్టిందే హడావిడిగా. ఐదు లీటర్ల ఇంజిన్‌తో పోటీకి దిగాలంటే 25 కార్లు తయారుచేసి చూపాలన్నది అప్పటి నిబంధన. ఆ ఏడాది మార్చిలో తనిఖీకి వచ్చినవాళ్లకు పూర్తయిన కార్లు మూడే కనిపించాయి. ఆఫీసు గుమాస్తాలు కూడా పానాలు పట్టుకున్నారంటారు. ఏప్రిల్ 21 నాటికి ఫ్యాక్టరీ ముందు 25 కార్లూ వరసగా నిలబడ్డాయి. కావాలంటే దేన్నైనా నడిపి చూడమన్నాడు పోర్షే ఇంజినీరు ఫెర్డినాండ్ పియెక్.

లోపలి పనితనం అబ్బురమే. హాన్స్ మెట్స్‌గర్ రూపొందించిన 12 సిలిండర్ల ఇంజిన్‌ను చల్లబరిచేది నీళ్లు కాదు, పైన పడుకోబెట్టిన పెద్ద ఫ్యాను. అల్యూమినియం గొట్టాలతో అల్లిన ఛాసిస్ బరువు 50 కిలోలైనా లేదు. గొట్టాల్లో గ్యాస్ నింపేవారు. ఒత్తిడి పడిపోయిందంటే ఎక్కడో చీలిక ఉన్నట్టే. డ్రైవర్ పాదాలు ముందు చక్రాల ఇరుసు కంటే ముందుండేవి. ఢీకొంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మే 11న బెల్జియంలోని స్పాలో తొలి రేసు. ఒక్క లాప్‌కే ఇంజిన్ పోయింది. జూన్‌లో, ఫ్రాన్స్‌లో రాత్రీపగలూ సాగే లె మాన్ రేసులో, సొంతంగా 917 కొనుక్కున్న జాన్ వుల్ఫ్ మొదటి లాప్‌లోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. అదే రేసులో డ్రైవర్లు ఎల్‌ఫర్డ్, ఆట్‌వుడ్‌ల 917 చాలాసేపు ముందుండి 21వ గంటలో ఆగిపోయింది. ఆగస్టులో జెల్ట్‌వెగ్‌లో గెలిచింది గానీ, గెలుపు భయాన్ని తీర్చలేదు. ఆ భయానికి మూలం తోకే. గాలిని కోసుకుంటూ దూసుకుపోవాలన్న ఆశతోనే దాన్ని పొడుగ్గా సాగదీశారు మరి.

హోర్స్‌మన్ కాగితం మీద లెక్కలు వేస్తూ కూర్చోలేదు. మెకానిక్‌లు అల్యూమినియం రేకులు కత్తిరించి, టేపు అంటించి, తోకను పైకెత్తి పొట్టిగా మలిచారు. మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లిన కారు డ్రైవర్ మాట వింది. నన్నడిగితే 917 గొప్పతనం ఆ ఇంజిన్‌లో కంటే ఈ అతుకుల రేకులోనే ఎక్కువ.

ఆ అతుకే 917కె అనే కొత్త రకానికి రూపమైంది. 1970 జూన్ 14న, వానకు తడిసిన లె మాన్‌లో హాన్స్ హెర్మన్, రిచర్డ్ ఆట్‌వుడ్ ఆ పొట్టి తోక కారుతో పోర్షేను మొదటిసారి అందరికంటే ముందు నిలిపారు. హెర్మన్ ఆ గెలుపుతోనే రేసులు మానేశాడు.